సీసా వెనక్కి తిప్పి చూడరా

ఒరేయ్,

నువ్వు పంపిన పీనట్ బటర్ సీసా ఫొటో చూశాను. ముందువైపు అంతంత అక్షరాలతో "హై ప్రోటీన్" అని ఉంది, నువ్వేమో "కొననా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదని నీకు తెలిసే అడిగావు కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు నీ ఉత్సాహం మీద కాసిని నీళ్లు చల్లుతాను. అందులో ప్రోటీన్ ఉన్న మాట నిజమే, వంద గ్రాములకి దాదాపు 25 గ్రాములు. కానీ అదే వంద గ్రాముల్లో 50 గ్రాముల దాకా కొవ్వు కూడా ఉంటుంది, మొత్తం కేలరీలు 600కి అటూ ఇటూ. లెక్కేస్తే ఆ కేలరీల్లో ముప్పావు వంతు నూనెవే, ప్రోటీన్ వాటా ఆరో వంతు. ఒక గుడ్డు తింటే 6 గ్రాముల ప్రోటీన్ 70 కేలరీలతో వచ్చేస్తుంది. ఇక్కడ 7 గ్రాములు రావాలంటే రెండు పెద్ద చెంచాలు, అంటే 190 కేలరీలు. అందుకే దీన్ని ప్రోటీన్ డబ్బాలా చూడకు, కాస్త ప్రోటీన్ కూడా ఉన్న మంచి నూనెగింజల ముద్ద అనుకో. ఆ కొవ్వు చెడ్డదేం కాదులే, ఎక్కువ భాగం గుండెకి మేలు చేసే రకమే. బాధంతా ఎంత తింటున్నామో తెలియకపోవడంతోనే.

నా సంగతే చూడు. రోజూ "రెండు చెంచాలే కదా" అనుకుంటూ నెలల తరబడి తిన్నాను. ఓ రోజు ఎందుకో వంటింటి త్రాసు మీద బ్రెడ్ ముక్క పెట్టి, సున్నా చేసి, ఎప్పటిలాగే రాశాను. 54 గ్రాములు! లేబుల్ మీద రెండు చెంచాలంటే 32. చెంచాతో తీసినప్పుడు పైన గోపురంలా నిలబడుతుందే, మోసమంతా అక్కడే ఉంది. చెంచా అంచున చాకుతో గీసి తీయడం అప్పటి నుంచి అలవాటైంది, ఇంట్లో వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇంకోటి, బ్రెడ్ మీద రాసుకుంటే ప్రోటీన్ పూర్తయిపోయిందనుకోకు. పల్లీల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్ కట్టే ఇటుకల్లో ఒకటి) తక్కువ, గోధుమలో ఇంకా తక్కువ. ఒకరి లోటు ఇంకొకరు తీర్చే జోడీ కాదన్నమాట. పక్కన ఓ గ్లాసు పాలో, పెరుగో, గుడ్డో ఉంటే సరిపోతుంది.

ఇక ఎలా ఎంచుకోవాలంటావా, సీసా వెనక్కి తిప్పు. ఏం కలిపారో ఆ జాబితా బరువు ప్రకారం వరసలో ఉంటుంది, ఎక్కువ ఉన్నది ముందు. అక్కడ పల్లీలు ఒక్కటే, లేదంటే పల్లీలూ కాస్త ఉప్పూ ఉంటే ఇంక ఆలోచించకు. పల్లీల తర్వాత చక్కెర కనిపిస్తే పక్కన పెట్టెయ్. తేనె అన్నా, గ్లూకోజ్ సిరప్ అన్నా, మాల్టోడెక్స్‌ట్రిన్ అన్నా వేషాలే వేరు. పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె అని ఉంటే అసలు ముట్టుకోకు, గుండెకి చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు దాన్లోంచే వస్తాయి. "లో ఫ్యాట్" అన్నదాన్ని చూసి మురిసిపోకు, నూనె తీసిన చోట పిండో చక్కెరో పోస్తారు, కేలరీలు పెద్దగా తగ్గవు. ఇక నీ "హై ప్రోటీన్" సీసా: వంద గ్రాములకి ఎంత అన్న అంకె చూడు. 25, 26 ఉంటే అది మామూలు పీనట్ బటరే, రంగు కాగితం చుట్టుకుంది. 30 దాటితే పాల నుంచి తీసే వే ప్రోటీనో సోయానో కలిపి ఉంటారు, అది తప్పేం కాదు, చక్కెర ఎంతో చూసుకుని తీసుకో. నిజంగా ప్రోటీనే కావాలంటే నూనె పిండేసిన పొడి దొరుకుతుంది, దాదాపు సగం ప్రోటీనే. రుచి మాత్రం... నీళ్లలో కలుపుకుని తిన్నాక నువ్వే ఫోన్ చేసి తిడతావు.

ఏమీ కలపని దాన్లో నూనె పైకి తేలుతుంది, పాడైందని భయపడకు. నేను మొదటిసారి గబగబా చెంచాతో తిప్పితే సగం నూనె బల్ల మీదకొచ్చింది. ముందు రాత్రి సీసాని బోర్లించి ఉంచు, పొద్దున సన్నటి చాకుతో అడుగు నుంచి మెల్లగా తిప్పు. తర్వాత ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ అంత త్వరగా విడిపోదు.

ఇంట్లో చేసుకుంటే ఇంకా హాయి. వేయించి పొట్టు తీసిన పల్లీలు మిక్సీలో వేస్తే ముందు పొడి అవుతుంది, తర్వాత మొండి ముద్దై గిన్నె గోడకి అంటుకుంటుంది, అక్కడే చాలామంది విసుగొచ్చి నూనె పోసేస్తారు. పోయకు. మిక్సీ వేడెక్కితే కాసేపు ఆపి, గోడలు గీసి మళ్లీ తిప్పు, ఉన్నట్టుండి మెరుస్తూ జారుతుంది. కాకపోతే ముడుచుకున్నవీ, రంగు మారినవీ, బూజు వాసన వేసేవీ ముందే ఏరెయ్. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. అన్నట్టు, ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడవేమో కనుక్కున్నాకే సీసా మూత తీయి.

నువ్వు సీసా ముందువైపే ఫొటో తీసి పంపావు కదరా, వెనకవైపు తీసి పంపు, అప్పుడు చెప్తాను కొనాలో వద్దో.

ఉంటాను మరి,
నీ వాగుడుకాయ