జాకెట్టు ఒక పక్కే పట్టేస్తుంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన అక్టోబరులో మీ పేపర్లో రొమ్ము క్యాన్సర్ మీద అర పేజీ వేశారు. పైన గులాబీ రిబ్బన్, పక్కన గులాబీ లైట్లలో చార్మినార్, కింద ‘అసాధారణ మార్పులు గమనించినట్లయితే వైద్యులను సంప్రదించవలెను’ అని. నేను చిక్కడపల్లిలో 22 ఏళ్లుగా జాకెట్లు కుట్టుకు బతుకుతున్నదాన్ని. ఆ పేజీని కటింగ్ టేబుల్ మీద పరిచి, కొలతలకు వచ్చిన నలుగురైదుగురికి చదివి వినిపించాను. ‘అసాధారణమంటే ఎట్లుంటదక్కా?’ అంది ఒకామె. పేజీ అంతా మళ్లీ వెతికాను, జవాబు దొరకలేదు.

మా పనిలో ఉన్నవాళ్లకి తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఏ ఆడమనిషికైనా రెండు పక్కలా కొలత అచ్చం ఒకేలా ఉండదు, అర ఇంచు అటూ ఇటూ ఉంటుంది, మేం డాట్లలో సర్దేసి ఊరుకుంటాం, వాళ్లకి చెప్పం కూడా. మొదట్నుంచీ ఉన్న ఆ తేడాకి భయపడక్కర్లేదు. కొత్తగా వచ్చిన తేడా సంగతి వేరు. రెండేళ్లుగా అదే ఆది జాకెట్టు ఇస్తున్న మనిషి ఉన్నట్టుండి ఒక పక్కే పట్టేస్తోందనో, ఒక పక్కే లూజైందనో అంటే దారం కత్తిరించేముందు ఆగి అడగాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడేళ్ల కిందటి మాట. మా పక్క గల్లీలో ఉండే ఒకావిడ, స్కూల్లో ఆయా పని చేస్తుంది, నలభై దాటాయి. ఎడమ చంక దగ్గర పట్టేస్తోంది, కాస్త కుట్టు వదలమంది. వదిలాను. నెలన్నరకి అదే జాకెట్టు మళ్లీ తెచ్చింది, మళ్లీ ఎడమ పక్కే. టేపు పెడుతుంటే చంక కింద రేగ్గాయంత గడ్డ చేతికి తగిలింది, రాయిలా గట్టిగా ఉంది, వేలితో జరపబోతే జరగలేదు. ‘వేడి చేసి బిళ్ళ కట్టిందక్కా, మజ్జిగ తాగుతున్న, నొప్పైతే ఏం లేదు’ అంది. నొప్పి లేదన్న మాట విని నేనూ ధైర్యపడ్డాను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఇంకో పావు ఇంచు వదిలి పంపించేశాను.

తర్వాత ఆమె వెళ్లిన వీధి చివరి క్లినిక్కులో పైట కూడా తీయించకుండా ఐదు రోజుల యాంటిబయాటిక్ రాశారు. మూడోసారి వచ్చినప్పుడు ట్రయల్ కోసం అద్దం ముందు చేతులు పైకెత్తమన్నాను, అందరికీ చెప్పినట్టే. ఎడమ రొమ్ము మీద ఒకచోట చర్మం లోపలికి గుంటపడింది, లోపల్నుంచి ఎవరో దారం పట్టి లాగినట్టు. చేతులు దించితే కనబడటం లేదు. మర్నాడు షాపు మూసి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

అక్కడ డాక్టరమ్మ చెప్పింది విని నాకు కాళ్లలో సత్తువ పోయింది. మొదట్లో చాలామందికి ఈ గడ్డ నొప్పి పెట్టదట. నొప్పి లేదు కదా అని ఊరుకునేవాళ్లే ఆలస్యంగా వస్తారట. మీరు పెద్ద అక్షరాల్లో వేయాల్సింది ఈ ముక్క.

మిగతావి కూడా మన మాటల్లోనే చెప్పొచ్చండీ. గట్టి గడ్డ రొమ్ములోనే కాదు, చంకలోనూ తగలొచ్చు. చర్మం నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో మందంగా అవడం, ఎప్పుడూ బయటికున్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం, పిండకుండానే ఒక పక్క నుంచి రక్తం చార కనబడటం, మొన మీద తామరలా పొట్టు రేగి ఎన్ని క్రీములు రాసినా తగ్గకపోవడం, ఇవన్నీ చూపించుకోవాల్సినవే. పాలిచ్చే తల్లులకి పాలు గడ్డకట్టడం మామూలే కానీ, అది తగ్గకపోతే పాలగడ్డే అనుకుని నెలలు గడపకూడదు. దొరికిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు, వయసులో ఉన్న పిల్లలకి వచ్చేవైతే మరీను, కాబట్టి చేతికి తగలగానే టెన్షన్ పడి తిండి మానేయక్కర్లేదు. కానీ అది ఏ గడ్డో చేత్తో చూసి నేను చెప్పలేను, మీ అత్తగారూ చెప్పలేరు. డాక్టరు చూసి, స్కానో మామోగ్రామో (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) తీసి, అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మా గల్లీలో ఇప్పటికీ అంటారు, ఆవిడ భర్త కూడా ఆ మాటకే వారం ఆపేశాడు. అది ఉత్త అపోహ.

మన ఊరి సంగతి మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. ఎక్కడ ఎంతమందికి క్యాన్సర్ వచ్చిందో లెక్క రాసే క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశం మొత్తమ్మీద హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువట, ఏడాదికి లక్ష మంది ఆడవాళ్లలో 48 మందికి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్ల పాటు చేసిన పరిశోధన కూడా ఉంది. శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన వాళ్లలో జబ్బు ముందు దశలోనే బయటపడింది, 50 దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. పెద్ద మెషిన్లేమీ లేకుండా, చేత్తోనే.

మన దగ్గర కూడా 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మంగళవారం క్లినిక్కులు మొదలుపెట్టారు, అందులో రొమ్ము క్యాన్సర్ పరీక్ష కూడా ఉంది. నా దగ్గరికొచ్చే పది మందిని అడిగితే ఒక్కరికీ తెలియదు.

ఆవిడ బాగానే ఉంది. ఆపరేషన్, కీమో అన్నీ ఆరోగ్యశ్రీలోనే అయ్యాయి, మళ్లీ స్కూలుకి పోతోంది. ఇప్పుడు ఆమె జాకెట్లకి ఎడమ పక్క లైనింగులో చిన్న జేబు కుడతాను, మెత్త పెట్టుకోడానికి. కుట్టిన ప్రతిసారీ నేను రెండుసార్లు వదిలిన ఆ కుట్టే గుర్తొస్తుంది.

ఈసారి అక్టోబరు దాకా ఆగకుండా, మా చుట్టుపక్కల ఏ బస్తీ దవాఖానాలో, ఏ రోజు, ఎన్నింటికి ఈ పరీక్ష చేస్తారో అడ్రసుతో సహా వేయండి. రిబ్బన్ బొమ్మ లేకపోయినా పర్లేదు. ఆ ముక్క కత్తిరించి ట్రయల్ అద్దం పక్కన అంటిస్తాను, చేతులెత్తినప్పుడు చదువుకుంటారు.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒకామె, చిక్కడపల్లి, హైదరాబాద్
(ఆవిడ ఎవరో తెలిసిపోతుంది, నా పేరు వేయకండి)