పసుపు పేటెంటు గెలిచాం, పరీక్ష మిగిలే ఉంది

సంపాదకులకు,

గాయాలు మాన్పే మొక్కల మాట ఎత్తితే చాలు, పసుపు పేటెంటు కథ వినిపిస్తుంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు అమెరికా పేటెంటు ఇచ్చింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి పోరాడితే 1997లో అది రద్దయింది. గర్వపడాల్సిన గెలుపే. కానీ అక్కడ తేలింది ఇది కొత్తగా కనిపెట్టింది కాదని మాత్రమే. ఏ గాయానికి, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడాలన్నది ఆ కేసులో తేలలేదు. అది తేల్చాల్సింది మనమే.

వేలు తెగితే గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండుతారు. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ అనే పదార్థం, చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారీని పెంచుతుందని ల్యాబుల్లో చూశారు. కలబందను కాలిన గాయాలపై మనుషుల్లోనూ కొంత పరీక్షించారు. మిగతా చాలా మొక్కల పరిశోధన ఎలుకల దగ్గరే ఆగిపోయింది. ఎలుకకు గాయమైతే వదులుగా ఉండే దాని చర్మం ముడుచుకుని త్వరగా మూసుకుపోతుంది. మనిషికి అలా కాదు, అడుగు నుంచి కొత్త కణజాలం పెరిగి పూడాలి. అందుకే ఎలుక పుండు మానిందని మనిషికి మందు దొరికినట్టు రాయడం తప్పు.

పైగా మట్టి అంటిన ఆకుతో ధనుర్వాతం క్రిములు లోపలికి పోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకు పసర్లు రాస్తూ రోజులు గడిపితే కాలే పోయే ప్రమాదం ఉంది. ఆరోగ్య పేజీలో చిట్కా వేసేటప్పుడు ఈ రెండు మాటలూ పక్కనే వేయండి, దయచేసి.

పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. యూరప్‌లో బర్చ్ చెట్టు బెరడు సారంతో చేసిన జెల్‌ను, మందులేని జెల్‌తో పోల్చి రోగులపై పరీక్షించారు. చిన్న రాపిడికే చర్మం ఊడిపోయే ఎపిడెర్మోలిసిస్ బులోసా రోగుల పుండ్లకు దాన్ని వాడేందుకు 2022లో యూరప్, 2023లో అమెరికా అనుమతించాయి. అదీ చెట్టు బెరడే!

ఆయుష్ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి పరిశోధనలు చేస్తామని 2023లో ఒప్పందం చేసుకున్నాయి. గడ్డి చామంతి, సరస్వతి ఆకులతోనైనా దాని కింద పెద్ద ఎత్తున మనుషులపై పరీక్షలు జరపాలి. పనిచేయలేదని తేలితే ఆ ఫలితాన్నీ దాచకుండా ప్రజల ముందు పెట్టాలి.

– ఒక పాఠకురాలు