చిల్లంగి మాట మైకులో చెప్పే కథా?

సంపాదకులకు నమస్కారం.

పన్నెండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా పర్లాకిమిడి 'రాత్రి నడక' గురించి పెద్ద వార్త వేశారు. దయ్యాలు, చిల్లంగి (చేతబడి), మంత్రగాళ్లు, ఎవరికీ తెలియని పర్లాకిమిడి అని శీర్షిక. చూడకుండా మాట అనకూడదని అప్పుడే రాయలేదు. మొన్న శనివారం విశాఖ నుంచి వచ్చిన మా మేనల్లుడిని వెంటబెట్టుకుని, మనిషికి మూడు వందలు కట్టి నేనే వెళ్లాను. ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు.

కోట దగ్గర మొదలుపెట్టారు. గైడు కుర్రాడు ఒడియా, తెలుగు కలిపి చక్కగా మాట్లాడతాడు. గజపతుల కోట నుంచి బృందావన్ ప్యాలెస్‌కి సొరంగం ఉందని, అందులో తెల్లచీర కట్టుకున్న ఆవిడ తిరుగుతుందని చెప్పాడు. సొరంగం మాట మా తాతల నాటి నుంచీ వింటున్నదే. తెల్లచీర సంగతి నా అరవై ఎనిమిదేళ్లలో ఇదే వినడం. పోనీ, పిల్లలు సరదా పడ్డారు. దాని కోసం నేను ఉత్తరం రాయను.

నా బాధంతా సంత జరిగే చోట జరిగినదాని గురించి. రాత్రి ఎనిమిదిన్నర దాటింది. ఆఖరి బస్సు తప్పిపోయిన ముగ్గురు సవర కొండజాతి ఆడవాళ్లు మూసిన కొట్టు అరుగు మీద, ఖాళీ బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. గైడు మైకు తీసుకుని, "కొండ మీద వాళ్లంతా సంతకి ఇక్కడికే దిగుతారు. వీళ్లలో ఎవరికి చిల్లంగి వచ్చో మనకి తెలీదు, కళ్లలోకి మాత్రం చూడకండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకబ్బాయి ఫోన్ లైటు వాళ్ల ముఖాల మీద వేశాడు. అందులో పెద్దావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. నేను లైటు ఆర్పమని అరిచేదాకా ఎవరూ ఆర్పలేదు. వాళ్లు మా మాట తెలియనివాళ్లు కారు. చింతపండు, చీపుళ్లు మనకి తెలుగులోనే బేరమాడి అమ్ముతారు. గైడు అన్న ప్రతి మాటా వాళ్లకి అర్థమైంది.

చిల్లంగి అంటే ఏమిటో మీ పాఠకులకు చెప్పక్కర్లేదు. కొండ ఊళ్లో జ్వరం వచ్చి పిల్లాడు పోతాడు. ఆసుపత్రి దూరం, దారి ఉండదు. ఎవరు చేశారని వెతుకుతారు. ఒంటరి ముసలమ్మ మీదో, పొలం తగాదా ఉన్నవాడి మీదో వేలు పడుతుంది. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టిన ఊళ్లు ఉన్నాయి, చంపేసిన ఊళ్లు ఉన్నాయి. జాతీయ నేర రికార్డుల వాళ్లు ఏటా వేసే లెక్కల్లో మంత్రవిద్య అనుమానంతో జరిగే హత్యలకు విడిగా ఒక గడి ఉంది. ఈ అఘాయిత్యాలు ఆపడానికే ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం చేసింది. అలాంటి చోట ఆ మాటని మైకులో, మనుషులను చూపించి మరీ అంటారా? వినే జనంలో ఆ ఊళ్ల వాళ్లు ఉండరని గైడుకి ఎవరు చెప్పారు?

సవరల పూజారులైన కుడాన్‌లను, వాళ్లలో ఆడవాళ్లయిన కుడాన్‌బోయిలను మంత్రగాళ్లని చెప్పడం ఇంకా అన్యాయం. చచ్చిపోయినవాళ్లు కుడాన్‌బోయి నోట మాట్లాడతారని వాళ్ల నమ్మకం. ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని ఎందుకు పోయావని అడుగుతారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు. ఏళ్ల తరబడి అలా మాట్లాడి మాట్లాడి దుఃఖం తీర్చుకుంటారు. పోయినవాళ్ల కోసం ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ బొమ్మలు వేస్తారు. ఇప్పుడు చాలా ఊళ్లు క్రైస్తవంలోకి వెళ్లాయి, ఆ పెద్దలు తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్లను మనం బూచివాళ్లను చేస్తున్నాం.

ఎవరికీ తెలియని పర్లాకిమిడి కావాలంటే కరువా? గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ భాష మీద ఆయన పుస్తకాలు 1931లో, 1938లో అచ్చయ్యాయి. 1936లో ఊరిని ఒడిశాలో కలపడం ఇష్టం లేక ఊరే వదిలిపోయారు. అదే 1936లో మంగై గొమాంగో సవర భాషకి సొంత లిపి చేశారు. ఆ అక్షరాలను కొందరు సవరలు ఇప్పటికీ దేవుడిగా కొలుస్తారు. గుప్త విద్య అంటే నాకు అది కనబడుతుంది. రెండు గంటల నడకలో వీటి గురించి ఒక్క ముక్క లేదు.

దీనికి అనుమతి ఎవరిచ్చారో, గైడు చదివే కాగితం ఎవరైనా చూశారో లేదో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి రెండుసార్లు వెళ్లాను. ఒకసారి సాహెబు క్యాంపు, రెండోసారి వేరే సెక్షన్ అన్నారు. మా వీధి బడికి తెలుగు మాస్టారు కావాలని తిరిగినప్పుడూ ఇదే జవాబు. పిల్లలకి చదువు చెప్పే మనిషి దొరకడు గాని రాత్రిపూట మైకు పెట్టుకోవడానికి కాగితం వెంటనే దొరుకుతుంది. మీరు కూడా నిర్వాహకులు ఇచ్చిన ఫోటో వేసి ఊరుకున్నారు. మీ విలేకరి ఒక్క సవర మనిషిని అడగలేదు.

సంత దగ్గర చెప్పే మాటలు తీసెయ్యాలి. సవరల గురించి చెప్పాలనుకుంటే సవర మనిషినే పిలిచి, డబ్బిచ్చి చెప్పించాలి. వచ్చే శనివారం మళ్లీ నడక ఉందట. నేను టికెట్టు కొనను. ఎనిమిది గంటలకే వెళ్లి ఆ కొట్టు అరుగు మీద కూర్చుంటాను. మైకు అక్కడికి వస్తే ముందు నాతో మాట్లాడమంటాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా