చున్నీ నోటీసు తీసేసి, కమిటీ వివరాలు పెట్టండి

సంపాదకులకు నమస్కారం,

మా అమ్మాయి కర్నూలులోనే ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చదువుతోంది. ఈమధ్య వాళ్ల నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించారు. ఆడపిల్లలు చున్నీ లేకుండా రాకూడదు, లెగ్గింగ్స్ వేసుకోకూడదు, జుట్టు విరబోసుకోకూడదు అని. మగపిల్లల గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకిలా అని కాలేజీ వాళ్లను అడిగితే, "గేటు దగ్గర బయటి పిల్లోళ్లు నిలబడి కామెంట్లు చేస్తున్నారమ్మా, మీ పిల్లల మంచికే" అన్నారు. అంటే కామెంటు చేసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, చదువుకోడానికి వచ్చిన పిల్లకు మాత్రం రూలు పెట్టారు.

కొందరేమో సంప్రదాయం అంటున్నారు. మా అవ్వల కాలంలో సీమ పల్లెల్లో రవిక తొడగని ఆడవాళ్లు ఉండేవాళ్లు, ఆ చీరకొంగుతోనే ఇంటి పనీ పొలం పనీ చేసుకున్నారు, మర్యాద లేనివాళ్లని వాళ్లనెవరూ అనలేదు. ఇప్పటికీ ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి తీసే కూలి ఆడవాళ్లు ఎండకు కాలకుండా, ఎండిన కాయ అంచులు చేతులు గీరకుండా చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కునే పోతారు. పని జరగాలి కాబట్టి ఏ రైతూ తప్పు పట్టడు. అదే ఇంటి పిల్ల టౌనుకొచ్చి జీన్స్ వేసుకుంటే అందరికీ అభ్యంతరమే. మే నెలలో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటితే మగవాళ్లు బనీను కూడా తీసేసి అరుగు మీద కూర్చుంటారు, కూర్చోనివ్వండి, ఉక్క ఎవరికైనా ఉక్కే, కానీ ఆడపిల్ల పాలప్యాకెట్ తీసుకోవాలన్నా నైటీ మీద టవల్ కప్పుకునే గేటు దాకా రావాలి.

భయంతో పిల్లల్ని కప్పుకోమనే తల్లుల టెన్షన్ నాకు తెలుసు. కానీ నిండుగా చీర కట్టుకున్న వాళ్లను బస్సుల్లో వేధించడం లేదా? స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లల వెంట పడటం లేదా?

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మనిషి వేసుకునే బట్ట కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని 2014లో నల్సా కేసులో, అంటే ట్రాన్స్‌జెండర్ల హక్కుల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో అపర్ణా భట్ కేసులో, లైంగిక నేరాల కేసులు వినే జడ్జీలు సైతం తమ ఉత్తర్వుల్లో బాధితురాలి బట్టల గురించి, నడవడి గురించి వ్యాఖ్యలు చేయకూడదంది. ఆడవాళ్లను అవమానించాలని మాటలు అన్నా, సైగలు చేసినా భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. వెంటపడితే 78వ సెక్షన్ ఉంది. లైంగిక వేధింపుల మీద పిల్లల ఫిర్యాదులు వినడానికి ప్రతి డిగ్రీ కాలేజీలో అంతర్గత కమిటీ ఉండాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2016లోనే నిబంధనలు తెచ్చింది, ఆ కమిటీలో ఎవరున్నారో, వాళ్లను ఎలా కలవాలో అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా చెప్పింది. మా అమ్మాయి కాలేజీలో ఆ కాగితం నాకు ఎక్కడా కనపడలేదు.

చున్నీ నోటీసు తీసేసి ఆ కమిటీ పేర్లు, ఫోన్ నంబర్లు అదే బోర్డుకు అంటించండి. డ్రెస్ కోడ్ కావాలంటే మగపిల్లలకూ ఆడపిల్లలకూ కలిపి ఒకటే పెట్టండి. కాలేజీ వదిలే వేళకు గేటు దగ్గర పోలీసులు ఉండేలా యాజమాన్యమే లెటర్ రాయాలి. వాళ్లు రాయకపోతే తల్లిదండ్రులం మేమే సంతకాలు పెట్టి స్టేషన్‌లో ఇస్తాం.

– ఒక విద్యార్థిని తల్లి, కర్నూలు