చల్లటి నీళ్లలో డైవింగ్‌కు వెళ్లే మనవాళ్లకు ఇవి కూడా చెప్పండి

సంపాదకుల గారికి,

ఆదివారం అనుబంధంలో స్కూబా డైవింగ్ మీద వేసిన వ్యాసం బాగుంది, రుషికొండ, అండమాన్ ఫొటోలు చూసి సంతోషమేసింది, కానీ చల్లటి నీళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం పెద్ద లోటు. అండమాన్‌లో గోరువెచ్చటి నీళ్లలో నేర్చుకున్న మన పిల్లలు చదువుకో ఉద్యోగానికో సియాటెల్ వస్తారు, ఇక్కడి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో పెద్ద ఆక్టోపస్‌లు ఉంటాయని విని అదే పల్చటి వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు డైవింగ్ సూట్) పట్టుకుని బయల్దేరతారు. ఇక్కడ కాస్త లోతుకు దిగితే వేసవిలో కూడా నీళ్లు 13 డిగ్రీలు దాటడం అరుదు. కాసేపు ఓర్చుకుంటే చాల్లే అనుకుంటారు. చాలదు. నీళ్లు ఒంట్లో వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి.

మందం ఎక్కువున్న 7 మిల్లీమీటర్ల సూట్ కొంటే సరిపోతుందని ఇంకొందరి నమ్మకం. వెట్‌సూట్‌లో చలిని ఆపేది నియోప్రీన్ అనే ఆ రబ్బరు లోపలి చిన్న చిన్న గాలి బుడగలు, 10 మీటర్ల లోతుకే పీడనం రెట్టింపై అవి నలిగిపోతాయి, అంటే చలి ఎక్కువయ్యే చోటే సూట్ పల్చబడుతుంది. అందుకే ఇక్కడ చాలామంది నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్ వేస్తారు. వెచ్చదనం ఇచ్చేది సూట్ కాదు, దాని కింద తొడుక్కునే ఉన్ని లేదా ఫ్లీస్ బట్టలు, వాటిలో నిలిచే గాలి. నూలు బనియన్ మాత్రం వద్దు, చెమటకు తడిసి అలాగే ఉండిపోతుంది. దిగేటప్పుడు సూట్‌లోకి గాలి నింపాలి, పైకి వచ్చేటప్పుడు వదలాలి, వదలకపోతే సూట్ ఉబ్బి మనిషిని ఒక్కసారిగా పైకి తీసుకుపోతుంది, అది చాలా ప్రమాదం. కాబట్టి అద్దెకు దొరికింది కదా అని నేరుగా సముద్రంలోకి దిగకుండా ముందు స్విమ్మింగ్ పూల్‌లో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోవాలి.

చలి వల్ల నష్టం వణుకుతో ఆగదు. వేళ్లు మొద్దుబారితే బకిల్ తీయలేరు, వాల్వ్ తిప్పలేరు, సిలిండర్‌లో గాలి త్వరగా అయిపోతుంది, ఆలోచన మందగిస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడి ఉంటే కాళ్లూ చేతులకు రక్తం తక్కువగా వెళ్లి, లోతులో పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోతుంది, దాంతో అది ఒంట్లోనే బుడగలు కట్టే డికంప్రెషన్ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. వణుకు మొదలైతే బడ్డీకి, అంటే జతగా దిగిన డైవర్‌కు, సైగ చేసి డైవ్ అక్కడితో ముగించాలి, దీనికి మొహమాటం అస్సలు వద్దు. డ్రైసూట్‌లో ఉండగా మూత్రం వస్తుందన్న భయంతో ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేసేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే, ఒంట్లో నీరు తగ్గడం డైవర్‌కు మంచిది కాదు.

ఒడ్డుకు వచ్చాక వెంటనే వేడినీళ్ల స్నానానికి పరుగెత్తకండి. లోతైన డైవ్ తర్వాత ఒక్కసారిగా ఒళ్లు వేడెక్కితే మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. ముందు తల తుడుచుకుని టోపీ, పొడిబట్టలు వేసుకుని ఫ్లాస్కులో తెచ్చుకున్న వేడి టీ తాగండి.

మీ తర్వాతి వ్యాసంలో వీటికి పావు పేజీ ఇచ్చినా చాలు.

– ఒక తెలుగు డైవర్, సియాటెల్