బలం చెప్పేముందు రంధ్రాల శాతం చెప్పాలి

సంపాదకుల వారికి,

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే కోడిగుడ్డు పెంకుతో కృత్రిమ ఎముక చేశారన్న వార్తలు జిల్లా పేజీల్లో కనిపిస్తాయి. పిల్లల శ్రమ మెచ్చుకోదగ్గదే. అయితే ‘ఫలానా పొడి కలిపితే బలం పెరిగింది’ అని రాసి వదిలేస్తే ఆ వార్త ఎవరికీ ఉపయోగపడదు. ఈ కృత్రిమ ఎముక స్పాంజిలా రంధ్రాలున్న సిరామిక్, అంటే కుండలా కొలిమిలో కాల్చి గట్టిపరిచిన సరుకు. రంధ్రాలు పెరిగేకొద్దీ దాని బలం దభాలున పడిపోతుంది. 60 శాతం రంధ్రాలున్న ముక్కను 80 శాతం ఉన్నదాని పక్కన పెట్టి, తేడా అంతా పొడి చలవే అనడం తప్పు.

పొడి పనిచేయదని కాదు. ఈ ముక్కలకు ముడిసరుకు హైడ్రాక్సీ అపటైట్, అంటే మన ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం లాంటిది. హైడ్రాక్సీ అపటైట్‌లో బరువుకు 2.5 నుంచి 5 శాతం ఫాస్ఫేట్ గాజుపొడి కలిపితే, కొలిమిలో అది కరిగి రేణువుల సందుల్లోకి పాకి వాటిని దగ్గరకు లాగుతుంది. మోతాదు మించితే హైడ్రాక్సీ అపటైటే విడిపోయి ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే మరో రకం కాల్షియం ఫాస్ఫేట్ అవుతుంది. అది సుమారు 1125 డిగ్రీలు దాటితే రూపం మార్చుకుని ఉబ్బుతుంది, లోపల సన్నని పగుళ్లు పడతాయి. కొద్దిగా మెగ్నీషియం ఉంటే ఆ మార్పు ఇంకా పైవేడికి జరుగుతుంది. బలం కోసం కలిపే మరో పొడి జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) గట్టిదే, కానీ ఎక్కువ వేడిలో హైడ్రాక్సీ అపటైట్ నుంచి కాల్షియాన్ని లాగేసుకుంటుంది.

అసలు బలహీనత మరోచోట ఉంది. రంధ్రాల కోసం స్పాంజిని ఈ ముడిసరుకు కలిపిన, దోశపిండిలాంటి ముద్దలో ముంచి, ఎక్కువైనదాన్ని పిండేసి కాలుస్తారు. అలా కాల్చిన ముక్కను విరిచి లెన్సు కింద చూడండి. స్పాంజి పోగు కాలిపోయిన చోట రంధ్రాల మధ్య మిగిలిన ప్రతి సన్నని కాడ నడుమ మూడు మూలల సొరంగం ఉంటుంది. ఏ పొడీ దాన్ని పూడ్చదు. ఒకసారి కాల్చాక పలచటి ముద్దలో మళ్లీ ముంచి, రెండోసారి కాల్చాలి. స్పాంజి కాలేదాకా, అంటే 600 డిగ్రీల వరకు, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పునే పెంచాలి. తొందరపడితే లోపలి వాయువు కాడలను చీలుస్తుంది. రోహిణి కార్తెలో ఫ్యాను కింద ఆరబెట్టినా అంతే, పైపొర ముందు బిగుసుకుని నెర్రెలిస్తుంది. తడిగుడ్డ కప్పి నీడన ఆరనివ్వాలి.

మన ఒంట్లోని ఎముకల లోపల స్పాంజిలా ఉండే భాగం నొక్కుడు బలం (నొక్కితే విరగకుండా తట్టుకునే ఒత్తిడి) సుమారు 2 నుంచి 12 మెగాపాస్కల్స్. దానితో పోల్చే వార్తల్లో రంధ్రాల శాతం, కాల్చిన వేడి, పరీక్షించిన ముక్కల సంఖ్య తప్పక ఇవ్వండి. పెళుసు సరుకు కాబట్టి ముక్కకూ ముక్కకూ బలం మారుతుంది. కనీసం పది విరిచి చూడనిదే సగటును నమ్మలేం.

– సిరామిక్స్ అధ్యాపకులు, గుంటూరు