సున్నపురాయి గనుల్లో నిలువు బోర్లు చాలవు

సంపాదకులకు నమస్కారం.

సున్నపురాయి బ్లాకుల వేలం వార్తల్లో నిల్వ ఎన్ని టన్నులన్న అంకె ఒక్కటే కనిపిస్తోంది. ఆ రాయిలో, ఎక్కువైతే సిమెంటుకు చేటు చేసే మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడు) ఎంత, అది ఏ మూల ఎలా పరుచుకుందన్నది ఎవరూ అడగడం లేదు. పొరలుగా పడిన రాయి కదా, నమూనా కోసం తవ్విన రెండు బోర్ల మధ్య కూడా అదే ఉంటుందని లెక్క కట్టేస్తున్నారు. భ్రంశాలు (రాతి పొరలు పగిలి జారిన చీలికలు) లేని చోట ఆ లెక్క చాలావరకు నిలుస్తుంది. భ్రంశం ఉన్నచోట నిలుస్తుందన్న భరోసా లేదు.

భ్రంశం వెంట నలిగిన రాయి లోతుల్లోని నీటికి దారి ఇస్తుంది. ఆ నీరు వేడిగా ఉండి, అందులో మెగ్నీషియం దండిగా ఉంటే, సున్నపురాయిలోని కాల్షియంలో సగం కరిగిపోయి దాని స్థానంలో మెగ్నీషియం చేరుతుంది. అలా ఏర్పడేదే డోలమైటు. వేడి ఎందుకంటే, మెగ్నీషియం అయాన్‌ను నీటి అణువులు గట్టిగా చుట్టుకుని ఉంటాయి, చల్లటి నీటిలో అవి ఒక పట్టాన వదలవు. అమెరికా శాస్త్రవేత్త లింటన్ లాండ్ 25 డిగ్రీల దగ్గర, వెయ్యి రెట్లు అతిసంతృప్తమైన (కరిగి ఉండగల దానికంటే ఎంతో ఎక్కువ డోలమైటు సరుకున్న) ద్రావణాన్ని 32 ఏళ్ళు ఉంచినా డోలమైటు పుట్టలేదు. 200 డిగ్రీల దగ్గరైతే ప్రయోగశాలలో రోజుల్లోనే వస్తుంది.

నీరు ఎంత కావాలో చూడండి. గట్టి సున్నపురాయి ఘనపు మీటరు 2.7 టన్నుల బరువు. అదంతా డోలమైటు కావాలంటే సుమారు 330 కిలోల మెగ్నీషియం పడుతుంది. సముద్రపు నీటిలో ఉండేది ఘనపు మీటరుకు 1.3 కిలోలే. చివరి గ్రాము దాకా రాయి లాగేసుకున్నా 250 ఘనపు మీటర్ల నీరు కావాలి. నిజానికి రాయికి దక్కేది అందులో కొంతే కాబట్టి అంతకు ఎన్నో రెట్లు పారాలి. బిగువైన సున్నపురాయి గుండా అంత నీరు పోదు. అందుకే డోలమైటు భ్రంశాన్ని అంటిపెట్టుకుని నిలువు పట్టీగా ఏర్పడి, నీరు చొరబడగల పొర దొరికినచోట పక్కకు పాకుతుంది.

ఈజిప్టులో సినాయ్ తీరాన ఉన్న హమ్మాం ఫరావున్ భ్రంశం దగ్గర ఈ రెండు రూపాలూ కొండ మీద కంటికే కనిపిస్తాయి. అక్కడ ఇప్పటికీ వేడినీటి ఊటలు ఉబుకుతున్నాయి. అమెరికాలోని మిషిగన్‌లో 1957లో బయటపడిన ఆల్బియన్–సిపియో చమురు క్షేత్రం సుమారు 30 మైళ్ళ పొడవు ఉన్నా వెడల్పు మైలులోపే, అదీ ఇలాంటి పట్టీయే. పట్టీలో పడిన బోరుకు డోలమైటు, పెద్ద పెద్ద ఖాళీలు, చమురు తగిలాయి. పక్కకు తప్పిన బోరుకు ఉత్త సున్నపురాయి తగిలింది.

ఒక మాట స్పష్టం చేయాలి. మన కడప బేసిన్‌లోని వేంపల్లె డోలమైటును ఈ కోవలో కలపకూడదు. అది స్ట్రొమటోలైట్లతో (సూక్ష్మజీవుల పొరలు పేరుకుని ఏర్పడిన రాతి దిబ్బలతో), లోతు లేని సముద్రంలో విశాలంగా పరుచుకున్న పొర. దాన్ని పొరల లెక్కతోనే అంచనా వేయవచ్చు. నేను చెబుతున్నది పొరలను అడ్డంగా కోసుకుపోయే డోలమైటు గురించి.

సిమెంటులో మెగ్నీషియా 6 శాతం మించకూడదని భారతీయ ప్రమాణం. టన్ను క్లింకరుకు (బట్టీలో కాలి వచ్చే సిమెంటు గడ్డలకు) దాదాపు టన్నున్నర రాయి పడుతుంది కనుక, రాయిలో 4 శాతం ఉంటే క్లింకరులో 6కు చేరుతుంది. శుద్ధ డోలమైటులో మెగ్నీషియా సుమారు 22 శాతం. అంటే మంచి రాయిలో ఐదో వంతు డోలమైటు కలిసినా ఆ బెంచి (గనిలో మెట్టుగా తవ్వే వరుస) రాయి నేరుగా పనికిరాదు. క్లింకరు ఖనిజాల్లో ఇమడని మెగ్నీషియా బట్టీలో పెరిక్లేజుగా (విడి మెగ్నీషియా స్ఫటికాలుగా) మిగిలిపోతుంది. అది నీటితో చాలా మెల్లగా కలిసి, ఘనపరిమాణం రెట్టింపు దాటి ఉబ్బుతుంది. కట్టడం గట్టిపడిన ఏళ్ళ తర్వాత పగుళ్ళిచ్చేది ఇందుకే.

గనిలో గుర్తించడం కష్టం కాదు. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది, డోలమైటు పొడి చేస్తే తప్ప పెద్దగా పొంగదు. చాలామంది చాకుతో గీకిన చోటే చుక్క వేసి, పొడి పొంగడం చూసి సున్నపురాయి అని రాసేస్తారు. తాజాగా విరిగిన ముఖం మీద వేయాలి. అనుమానం ఉంటే కోర్‌ను (బోరులోంచి తీసిన రాతి కడ్డీని) కోసి నునుపు చేసి, 1.5 శాతం ఆమ్లం 100 మిల్లీలీటర్లలో 0.2 గ్రాముల అలిజరిన్ రెడ్-ఎస్ అనే రంగు కలిపి 30 నుంచి 45 సెకన్లు ముంచాలి. సున్నపురాయిలోని కాల్సైటు ఖనిజం ఎర్రబడుతుంది, డోలమైటుకు రంగు అంటదు. ఇనుమున్న డోలమైటు ఎండకు వానకు గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి భ్రంశం పక్క రాతి రంగూ చూడాలి.

అసలు లోపం బోర్లలో ఉంది. పది మీటర్ల నిలువు పట్టీ 200 మీటర్ల ఎడంతో వేసిన నిలువు బోర్ల మధ్య నుంచి తేలిగ్గా తప్పించుకుంటుంది. భ్రంశాన్ని అడ్డంగా కోసేలా, దాని వాలుకు ఎదురుగా, ఏటవాలు బోర్లు వేయాలి. నమూనా మీటరుకు ఒకటి తీయాలి. ఐదారు మీటర్ల కోర్ కలిపి ఒకే నమూనాగా పరీక్షిస్తే సగటు బాగానే కనిపిస్తుంది, పట్టీ అందులో మునిగిపోతుంది. దొరికిన డోలమైటును చెత్తకుప్పలో పోయకుండా విడిగా పేర్చాలి. సిలికా తక్కువుంటే అది ఉక్కు కర్మాగారాలకు ఫ్లక్స్‌గా (కొలిమిలో మలినాలను కరిగించి తీసే సరుకుగా) పనికొస్తుంది. విశాఖ ఉక్కుకు ఖమ్మం జిల్లా మాదారం గని నుంచి వెళ్ళింది డోలమైటే.

గనుల శాఖ వేలం పత్రాల్లో నిల్వ అంకెతోపాటు భ్రంశాల పటాన్ని, ఏటవాలు బోర్లలో మీటరు మీటరుకు తేలిన మెగ్నీషియా పట్టికను తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

– ఒక గనుల భూగర్భ శాస్త్రజ్ఞుడు, నంద్యాల